పారిస్ పాకం

4 అక్టోబరు 2004, సోమవారం

ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నేను ఎవరితోనో ఒకరితో మాట్లాడకపోతే కడుపు ఉబ్బి చస్తాను కాబట్టి ఈ డైరీ. పురుగుమందుల కంపెనీ వాళ్లు రైతులకు పంచింది. వెంకటరావమ్మగారు నిన్న నా పార్లర్లో మరిచిపోయి వెళ్లింది. ప్రతి పేజీ అడుగున పత్తికి ఏ పురుగు పడితే ఏ మందు కొట్టాలో వేశారు. మొగుడు అలిగితే ఏం కొట్టాలో వేయలేదు.

నిన్న జరిగింది రాస్తాను. వెంకటరావమ్మగారిది పెదనందిపాడు వైపు పల్లెటూరు. ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ పెట్టారు. దానికి ముందు అంతా శుభ్రంగా ఉండాలని నర్సు చెప్పిందట, ఆ పనికి ఆయా బ్లేడు తీసుకొస్తుందట. "ఆ బ్లేడు ఊరంతా తిరిగొచ్చింది కాదూ! నేను చేయించుకోను" అని మొండికేసి, ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది. ముందు ఒకసారి వచ్చి నా మాటలన్నీ విని వెళ్లింది. నిన్న పనికి వచ్చింది. వాళ్లాయన వెంకటనారాయణగారు బయట అరుగు మీద కూర్చున్నాడు.

పాకం పూసి వెంట్రుకలు పీకే ఈ పనిలో పట్టీ లాగడం ఎంతసేపు? మనిషిని సిద్ధం చేయడమే అసలు పని. కొత్తగా వచ్చినవాళ్లు ముందు పాకం జాడీ వంక చూస్తారు. అది పులి అయినట్టు చూస్తారు. అప్పుడు చెంచాతో కాస్త తీసి అరచేతిలో వేస్తాను. "నాకి చూడమ్మా. పంచదార, నిమ్మరసం. అంతే." నాకుతారు. తియ్యగా ఉంటుంది. నాలుక మీద తియ్యగా ఉన్నది ఒంటికి హాని చేయదని ఆడవాళ్లకి ఎందుకో గట్టి నమ్మకం. భయం సగం పోతుంది. మిగతా సగానికి జాడీ మీద ఈఫిల్ టవర్ స్టిక్కరు ఉంది. "పారిస్ నుంచి తెప్పిస్తాను. మనవాళ్ల చేత కాదమ్మా ఇది" అంటాను. దాంతో పడుకుంటారు.

చేసేది ఈయనే. కొత్తపేటలో మిఠాయి మాస్టరు మా అల్లాబక్షు. పొద్దున్నే కొట్టుకి వెళ్లేముందు ఇంట్లో నాకు గిన్నెడు పాకం కాచి వెళ్తాడు. పాకం పట్టడంలో ఆయన్ని మించినవాడు గుంటూరులో లేడు. "దేనికి వాడతావ్?" అని మొదట్లో అడిగితే చేతులకీ కాళ్లకీ అన్నాను. అబద్ధం కాదు. చేతులకీ కాళ్లకీ మధ్యలో ఏముందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నిన్న మొదటి పట్టీ లాగగానే వెంకటరావమ్మగారు పైకప్పు ఎగిరేలా అరిచింది. "ఏమయ్యోయ్! నీ దుంప తెగ!"

అరుగు మీంచి జవాబు వచ్చింది. "ఆఁ, వస్తన్నా! ఏంటే?"

"రావద్దు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

అదే సమయంలో ఈయన భోజనానికి ఇంటికొచ్చాడు. అరుగు మీద పెద్దమనిషి ఒక్కడే కూర్చున్నాడని మర్యాదకి మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను బయటికి వచ్చేసరికి ఈయన మొహం మాడిన పెనంలా ఉంది. అన్నం తినలేదు. వాళ్లమ్మతో మాత్రం అన్నాడు, "అమ్మా, రేపటి నుంచి పాకం నేను చెయ్యను. రంజాన్ పండగ అయిపోగానే మార్టూరు పోతున్నా. గౌస్ బాషా ఎప్పటినుంచో తన కొట్టుకి మాస్టరుగా రమ్మంటున్నాడు, గది కూడా ఇస్తానన్నాడు."

తెలిసిపోయింది. ఆ పెద్దమనిషి పాకం ఎక్కడ వాడతారో చెప్పేసి ఉంటాడు.

5 అక్టోబరు

మాట్లాడలేదు. నాకేం బాధ లేదు.

7 అక్టోబరు, గురువారం

పాకం నేనే చేశాను. దీనికేమన్నా పెద్ద చదువు కావాలా?

మొదటిసారి చేసింది గడ్డకట్టింది. గరిటె ఇంకా గిన్నెలోనే ఉంది. గిన్నెని గరిటె పట్టుకుని ఎత్తొచ్చు. రెండోసారి చేసింది చల్లారాక మళ్లీ పంచదార అయిపోయింది. అంత కష్టపడి పంచదారతో పంచదార చేశాను. మూడోసారి బాగానే వచ్చిందనుకుని మూత పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి పాతగుంటూరులోని చీమలన్నీ వచ్చి ఉన్నాయి.

ఈయన పళ్లు తోముకుంటూ వచ్చి ఆ గిన్నెలోకి చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. అనేసి ఉంటే నేను దెబ్బలాడేదాన్ని, దెబ్బలాడితే మాట కలిసేది. అది తెలిసే నోరు మూసుకున్నాడు.

మా అత్త జాన్‌బీ పెరట్లో ఆకుకూర తుంచుకుంటూ, "మిఠాయోడి కోపం కాగిన పాకం లాంటిదే. చల్లారేదాకా వేలు పెట్టబాకు" అంది. ఆవిడకి ఈ ఇంట్లో ఏం జరిగినా కాలక్షేపమే.

9 అక్టోబరు, శనివారం

ప్రత్తిపాడు నుంచి కోటేశ్వరి అనే పిల్ల వచ్చింది. మిరప రైతుల పిల్ల, డిగ్రీ అయిపోయింది, నవంబరు నెలాఖర్లో పెళ్లి. గొంతు మైకులాంటిది. లోపలి గదిలో చెప్పే మాటలు కూడా వీధిలోకి వినిపించేలా మాట్లాడుతుంది. ఈరోజు పని లేదు, సిద్ధం చేసి పంపడమే.

"ఇప్పట్నుంచి బ్లేడు ముట్టుకోవద్దు. బియ్యపు గింజంత పెరగాలి. అప్పుడే పాకం పట్టుకుంటుంది" అన్నాను.

"ఏ బియ్యం అక్కా? సన్నాలా, లావు రకమా?"

ఇన్నేళ్లుగా ఈ మాట చెబుతున్నాను, ఎవరూ అడగలేదు. ఆలోచించి సన్నాలు అన్నాను.

"వండకముందా, వండాకా?"

వండకముందు. నూనె రాసుకోవద్దు, పసుపు పూసుకోవద్దు, కాస్త తినేసి రా, వదులు బట్టలు వేసుకో అని చెప్పాను. అన్నిటికీ బుర్ర ఊపింది. గుంటూరులో ఈ పని చేసేవాళ్లు అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చివర్లో చెప్పాను: "ఆ రోజు కారం ముట్టుకోవద్దు." దానికీ బుర్ర ఊపింది.

వెళ్తూ వెళ్తూ పాకం నాకి చూస్తానంది. చీమల్లేని చోటు చూసి కొంచెం పెట్టాను. "పారిస్‌లో కూడా చీమలుంటాయా అక్కా?" అంది. ఓడలో వస్తుంది కదా, దారిలో ఎక్కి ఉంటాయన్నాను.

13 అక్టోబరు, బుధవారం

కంపెనీ వ్యాక్స్ డబ్బా కొన్నాను. చూడటానికి తేనె రంగులో బాగానే ఉంది. వాసన మాత్రం సైకిల్ షాపు వాసన. ఈఫిల్ టవర్ జాడీలోకి తోడేశాను.

కొరిటెపాడు నుంచి బ్యాంకులో పనిచేసే ఆవిడ వచ్చింది. చాలాకాలంగా వస్తున్న మనిషి. సిద్ధం చేయక్కర్లేదు. కానీ తీర్థం పుచ్చుకున్నట్టు చెయ్యి చాపడం ఆవిడకి అలవాటైపోయింది. నేను కూడా అలవాటు కొద్దీ చెంచాడు వేశాను. తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే నోట్లో పెట్టుకుంది.

పెదాలు రెండూ అతుక్కుపోయాయి. కళ్లు మాత్రం చాలా మాట్లాడాయి. కొబ్బరినూనె రాసి, రాసి, ఊడదీశాను. పైపెదవి మీది నూగు దానంతటదే వచ్చేసింది. నోరు తెరుచుకోగానే ఆవిడ అన్న మొదటి మాట: "సఫూరా, ఈసారి పారిస్ వాళ్లు పంచదార బాగా తగ్గించేశారు."

కోప్పడలేదు. పారిస్ వాళ్ల మీద జాలిపడింది.

16 అక్టోబరు, శనివారం

రంజాన్ మొదలైంది. తెల్లవారుజామున లేచి అన్నం వండి పెట్టాను. ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని తిన్నాం, మధ్యలో అత్త. "వాడికి పెరుగు కావాలంట" అని ఆవిడ నాకు చెబుతుంది. "తోడుకోలేదని చెప్పు" అని నేను ఆవిడకి చెబుతాను. మూడడుగుల దూరానికి ఆవిడే టెలిఫోను.

ఆయన కోపం గురించి బాగా ఆలోచించాను. మగవాడికి పరువు ముఖ్యం. తన చేతి పాకం ఎక్కడెక్కడికో పోతోందని తెలిస్తే మసీదులో నలుగురి మధ్య ఎలా నిలబడతాడు? కాబట్టి నాది తప్పు కాదు, ఆయనదీ తప్పు కాదు. ఆయన మనసు చిన్నది, అంతే. నేను క్షమించేశాను. క్షమించేశానన్న సంగతి అత్త ద్వారా చెప్పిద్దామనుకుని ఊరుకున్నాను.

22 అక్టోబరు, దసరా

రంజాన్ పండగకి ముందు మా వాళ్లు చాలామంది వస్తారు. మా వాళ్లని సిద్ధం చేయడం ఎప్పుడూ తేలికే. ఒంటిమీది వెంట్రుకలు నలభై రోజులకి మించి ఉంచకూడదని చిన్నప్పుడే తల్లులు చెబుతారు. ఎవరి తిప్పలు వాళ్లు పడి తీసుకుంటారు. ఆ పని పార్లర్లో చేయించుకోవాలనేసరికి మాత్రం అందరికీ సిగ్గే. పైగా ఇప్పుడు ఉపవాసం. పాకం నాకి చూడమనడానికి లేదు. ఉన్నా ఆ కంపెనీ సరుకు ఎవరి నోట్లో పెట్టను?

ముందు గదిలో నలుగురు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నేల చూస్తున్నారు. అత్త తస్బీ పూసలు తిప్పుకుంటూ లోపల్నుంచి వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది.

"ఏంటే, చావుకొచ్చినట్టు కూర్చున్నారు? మా కాలంలో ఏం చేసేవాళ్లమో తెలుసా? పిడుగురాళ్ల సున్నం తెచ్చి, అందులో హరిదళం రాయి నూరి కలిపి రాసుకునేవాళ్లం. రాసుకుని అంకెలు లెక్కపెట్టుకోవాలి. లెక్క అవగానే కడిగెయ్యాలి. ఆలస్యమైతే తోలు కూడా ఊడొచ్చేది."

ఎవరూ కదల్లేదు.

"మా ఆడపడుచుకి లెక్కలు రావు" అని మళ్లీ తస్బీ తిప్పుకుంది.

నలుగురూ లేచి నాకంటే ముందు లోపలి గదిలోకి వెళ్లారు. ఈవిడని జీతానికి పెట్టుకోవాల్సింది.

28 అక్టోబరు, గురువారం

ఈ రోజు గురించి రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను.

కోటేశ్వరి వచ్చింది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడింది. "అక్కా, తొందరగా కానీ. చెంబుడు నీళ్లు తాగి వచ్చా, ఆపుకోలేకపోతన్నా."

"నీళ్లెందుకు తాగావే?"

"స్కానింగ్‌కి తాగాలి కదా. పొద్దున్నుంచి ఏం తినలేదు కూడా. రక్త పరీక్షకి పరగడుపున రమ్మంటారుగా, అట్టాంటిదేమోనని రెండూ చేశా."

తినేసి రమ్మని చెప్పాను కదా అంటే, డాక్టర్ల దగ్గరికి పరగడుపున వెళ్లడమే మంచిదని వాళ్ల వదిన చెప్పిందట. సరే, ముందు బాత్‌రూముకి పొమ్మన్నాను. అది పరిగెత్తింది. తలుపు వేసుకుంది. అప్పుడు దాని చేతులు నా కళ్లలో మెదిలాయి. గోళ్ల సందుల్లో ఎర్రగా ఉంది.

"కోటేశ్వరీ! పొద్దున కారం ముట్టుకున్నావా?"

లోపల్నుంచి ఒక కేక వచ్చింది. వెంకటరావమ్మగారి కేక దీని ముందు దిగదుడుపే.

పెళ్లి కారం కొట్టిస్తున్నారట. మిల్లుకి పంపే ముందు కాయల తొడిమలు తీసిందట, మర నుంచి వచ్చాక జల్లెడ పట్టిందట. "నువ్వు ఆ రోజు కారం ముట్టుకోవద్దన్నావు. నేను అన్నంలోకి అనుకున్నా. అందుకే అన్నం కూడా తినలా" అని ఏడుస్తూ చెప్పింది. మజ్జిగ చెంబు, పెరుగు గిన్నె, చివరికి ఈయన ఇఫ్తారుకి దాచుకున్న మీగడ కూడా తలుపు సందులోంచి అందించాను. అది చల్లబడి, అన్నం తిని, కాస్త పడుకుని, సాయంత్రానికి గానీ మనిషి కాలేదు.

అప్పుడైనా పంపించేయాల్సింది. పెళ్లికూతురు, అంత దూరం నుంచి వచ్చింది, పని చేసి పంపుదామనుకున్నాను. చిన్న పట్టీతోనే మొదలుపెట్టాను. కంపెనీ సరుకు చర్మాన్ని కూడా పట్టి లాగింది. ఎర్రగా కందిపోయింది. ఆపేశాను. అది ఏడవలేదు. అంత గొంతున్న పిల్ల మెల్లగా అంది, "అక్కా, పెళ్లికి ముందు మళ్లీ రావాలంటే భయమేస్తంది."

ఆయన పాకానికి ఎవరూ కందిపోలేదు. ఎప్పుడూ లేదు. నాకు ఆ పాకం కావాలి. పాకం ఒక్కటే కాదు, పొద్దున్నే వంటింట్లో గిన్నె చప్పుడు కావాలి, వేళ్ల మధ్య తీగ సాగదీసి దీపం వైపు పెట్టి చూసే ఆ మనిషి కావాలి. నాకు బాధగా ఉంది. ఇదివరకు లేదని రాశాను. ఉంది.

2 నవంబరు

అటక మీంచి పెట్టె దింపాడు.

ఆ పెట్టె నా పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఆ మాట అనాలనుకున్నాను. అంటే గోనెసంచిలో సర్దుకుని వెళ్లిపోతాడు, అందుకే అనలేదు. దుమ్ము తుడిచి పెట్టాను.

6 నవంబరు, శనివారం

దీపావళి ఆర్డర్లు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా నెయ్యి వాసన. రోజంతా ఉపవాసం ఉండి మిఠాయిలు చేయడం ఎంత కష్టమో ఎవరికి తెలుసు? రుచి చూడడు. చూడక్కర్లేదు కూడా. చెయ్యి చెబుతుంది ఆయనకి.

కాళ్లు పట్టనా అని అడిగించాను. అత్త అడిగింది. "వద్దంట" అంది.

10 నవంబరు, బుధవారం

నేను ఇన్నాళ్లూ గాడిదనని ఎవరూ చెప్పలేదు.

వెంకటరావమ్మగారు వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందట, ఆసుపత్రిలో నర్సులందరూ పిలిచి చూసుకుని మెచ్చుకున్నారట. ఆ మెప్పు నాకు చెప్పడానికే వాళ్లాయనతో కారు కట్టించుకుని వచ్చింది. డైరీ ఏమైనా ఇక్కడ వదిలేశానా అని అడిగింది. లేదన్నాను.

మాటల్లో మాటగా నేనే అడిగేశాను. "ఆ రోజు మీ ఆయనగారు మా ఆయనతో ఏం చెప్పారండీ?"

"ఏం చెప్పాడు? పొగిడాడు. నువ్వు నాకు చెప్పినయ్యన్నీ ఇంటికెళ్లి ఆయనకి చెప్పాగా. అదే మీ ఆయనతో అన్నాడంట. 'మాస్టరూ, నువ్వింత పేరున్న మిఠాయోడివి, కానీ మీ ఆవిడ పాకం మాత్రం పారిస్ నుంచి తెప్పిస్తదంట కదా! మనోళ్ల చేత కాదని చెప్పిందంట. అంత గొప్ప పాకం ఎట్టుంటదో నువ్వైనా చూశావా?' అని. మీ ఆయన లేదన్నాడంట. లేచి లోపలికి పోయాడంట. ఏం, ఏమైనా తప్పు మాట్లాడాడా మావాడు?"

లేదండీ అన్నాను. ఏ తప్పూ లేదండీ అన్నాను. ఆవిడ వెళ్లాక బాత్‌రూములో కూర్చుని ఏడ్చాను.

"నువ్వైనా చూశావా?" అంటే "లేదు" అన్నాడట. తన చేత్తో రోజూ కాచి ఇచ్చినవాడు నా మాట నిలబెట్టడానికి పరాయివాడి ముందు లేదన్నాడు. నేనేమో ఆయన మనసు చిన్నదని రాసి పెట్టుకున్నాను.

అత్తని అడిగాను, నీకు ముందే తెలుసా అని. "తెలుసు. నా కొడుకు నాకు చెప్పుకోకుండా ఎవరికి చెప్పుకుంటాడు? నువ్వే వచ్చి అడుగుతావని చూస్తన్నా" అంది.

11 నవంబరు

వెళ్లి చెబుదామని పడకగది గుమ్మం దాకా వెళ్లాను. ఆయన చొక్కాలు మడతపెడుతున్నాడు. నోరు పెగల్లేదు. నా నోరు! పక్కింటి గొడవలు కూడా తీర్చే నోరు.

చాటుగా చెబితే చాలదు. చాటుగా అనలేదు కదా ఆ మాట. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను.

13 నవంబరు, శనివారం

నిన్న దీపావళి అయిపోయింది, ఈరోజు మిఠాయి కొట్టుకి సెలవు. ఈయన ఇంట్లోనే ఉండి పెట్టెకి తాడు కడుతున్నాడు. ఎల్లుండి పండగ కావచ్చు. పార్లర్ ముందు గది కిటకిటలాడుతోంది. మా వాళ్లు, బ్యాంకావిడ, దీపావళికి పుట్టింటికి వచ్చినవాళ్లు. ముందు గదికీ ఇంటికీ మధ్య ఉన్నది తెర ఒక్కటే.

జాడీ తెచ్చి అందరి మధ్య స్టూలు మీద పెట్టాను. రోజూ చెప్పే మాటలే మొదలుపెట్టాను. బ్లేడు, బియ్యపు గింజ, కారం. పారిస్ దగ్గరికి వచ్చేసరికి జాడీ నా వైపు తిప్పుకున్నాను.

"ఇది పారిస్ నుంచి రాదు" అన్నాను. గోరుతో స్టిక్కరు గీకాను. సగం టవరు ఊడింది. "ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్న పాకం మా ఆయన చేశాడు. మా అల్లాబక్షు. ఈ నెల రోజులూ మీరు తిట్టుకున్నది కంపెనీ డబ్బా. ఇలాంటి పాకం చేసేవాడు పారిస్‌లో లేడు, ఎక్కడా లేడు."

చప్పట్లు కొడతారని నేను అనుకోలేదు. కానీ అందరూ ఒకేసారి కొంగులు సర్దుకుంటారని కూడా అనుకోలేదు.

మొదట తేరుకున్నది బ్యాంకావిడ. "అల్లాబక్షు అంటే మిఠాయి మాస్టరా? నిన్న మా ఇంటికి వచ్చిన కాజాలు ఆయన చేసినవే కదా?"

"అవునండీ."

"అదే చేత్తోనా?"

"అదే చేత్తోనండీ."

"ఇప్పుడు ఆ కాజాలు నేను ఎట్లా తినాలి సఫూరా?"

గదిలో గగ్గోలు. తెలిసిన మనిషి, రోజూ ఎదురుపడే మనిషి, లడ్డూలు కట్టిచ్చే మనిషి! ఇన్నాళ్లూ ఆయనకి అన్నీ తెలుసా అని ఒకావిడ, ఇక ఆ వీధిలో ఎలా నడవాలని ఇంకొకావిడ. పారిస్ అయితే ఎవరికి కనబడతాం అనే కదా ధైర్యం. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. నా కళ్లముందే నా పార్లర్ ఖాళీ అవుతోంది. నేను మాత్రం ఇంకా చెబుతూనే ఉన్నాను, "కాజాలకీ దీనికీ ఒకటే పాకమండీ, ఒకటే శుభ్రమండీ" అని, ఏం చెబుతున్నానో తెలియకుండా.

తెర వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఒకటే పాకం ఎట్టా అవుద్ది? కాజాకి తీగపాకం! దీనికి ఉండపాకం దాటి ఇంకో పొంగు రావాలి! తెలియకపోతే ఊరుకోవాలి గానీ తప్పులు చెప్పకూడదు!"

మగ గొంతు వినేసరికి ఆడవాళ్లంతా కెవ్వుమన్నారు. ఒకావిడ చెప్పులు వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. చివరికి ఇద్దరు మిగిలారు. బ్యాంకావిడ కుర్చీలోంచి కదల్లేదు. "పొద్దున్నుంచి కూర్చున్నా, నేను ఊరికే వెళ్లను. ఆ మాస్టర్నే అడుగు, ఆ పొంగు ఇప్పుడు రప్పిస్తాడేమో" అంది. రెండో మనిషి మా అత్త. ఆవిడ వచ్చింది తమాషా చూడటానికి.

నలభై రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. తప్పులు చెప్పకూడదట. నేను తెర దగ్గర నిలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు.

వంటింట్లో గిన్నె చప్పుడైంది.

15 నవంబరు, సోమవారం, పండగ

నమాజు నుంచి వచ్చి సేమ్యా తిన్నాక, పెట్టె తాడు విప్పమని నాతోనే అన్నాడు. అత్తతో కాదు.

"పాకం ఎక్కడ వాడతానో తెలిసి కోపం వచ్చిందనుకున్నాను" అన్నాను.

"అది నాకు మొదట్నుంచీ తెలుసు. అమ్మ చెప్పింది. అందుకేగా నిమ్మరసం తగ్గించి వేసేది. అక్కడ మంట పుడితే తట్టుకోలేరని."

ఇన్నేళ్లూ. ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, రోజూ పొద్దున్నే నిమ్మకాయ పిండుతూ ఈ మనిషి ఆలోచించింది అదన్నమాట. నేను ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాను. అత్త అటు తిరిగి కూర్చుంది, కానీ పోలేదు.

గౌస్ బాషాకి ఫోన్ చేసి రానని చెప్పేశాడు. చెప్పి, జాడీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఆ టవరు పీకేసిన చోట జాడీ బోసిగా ఉంది."

"పేరు రాయిస్తానండీ."

"పేరు ఎవడు చదువుతాడు? ఫోటో వెయ్యించు."

"ఎవరిది?"

"నాది."

నేను చాలా చెప్పి చూశాను. వచ్చేవాళ్లు ఆడవాళ్లని, అది ఎలాంటి గదో తెలుసు కదా అని. "సబ్బు మీద వేసుకుంటారు, కారం ప్యాకెట్ మీద వేసుకుంటారు. నా సరుకు మీద నేను వేసుకోకూడదా?" అన్నాడు. ఆ మాట ఆయన అడిగిన తీరుకి కాదనలేకపోయాను. తలపాగాతో తీయించుకున్న పెళ్లినాటి ఫోటో వెతికి బయటికి తీశాడు. ఈయన ఇదివరకే ఆలోచించి పెట్టుకున్నాడని నా అనుమానం.

18 నవంబరు, గురువారం

స్టిక్కరు వచ్చింది. పెద్ద సైజు. జాడీకి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఆయన మొహమే. మీసాలు వంపు తిరిగి జాడీ వెనకదాకా వెళ్లాయి.

కోటేశ్వరి వస్తుందనుకోలేదు. వచ్చింది. కడుపునిండా తిని, చేతులు ముందుకు చాపి గోళ్లు చూపిస్తూ వచ్చింది. కొత్త పాకం అరచేతిలో వేస్తే నాకి, కళ్లు మూసుకుని, "ఇది అసలైంది అక్కా" అంది. నమ్మకంగా వెళ్లి పడుకుంది. తల తిప్పి బల్ల మీద జాడీ చూసింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని లేచి కూర్చుంది.

"అక్కా, ఆయన నా వంకే చూస్తన్నాడు."

"ఫోటోనే కదా."

"ఫోటో అయితే మాత్రం మగాడు కాదా? గోడ వైపుకి తిప్పు. ముందు తిప్పు, తర్వాతే ఏదైనా."

తిప్పాను. పని చేశాను. ఒక్క కేక లేదు, కందిన మచ్చ లేదు. "అయిపోయిందా?" అని అదే ఆశ్చర్యపోయింది. పెళ్లికి రమ్మని నాకూ, అత్తకీ శుభలేఖ ఇచ్చి, జాడీ వంక చూడకుండా, "ఆయన్ని కూడా తీసుకురా" అంది.

సాయంత్రం ఆయన కొట్టు నుంచి రాగానే చెయ్యి కూడా కడుక్కోకుండా అడిగాడు. "ఫోటో చూశారా? ఏమన్నారు?"

"చూడగానే లేచి కూర్చుందండీ" అన్నాను.

అబద్ధం కాదు. ఆయన అద్దం దగ్గరికి వెళ్లి మీసం దువ్వుకుని, రేపటి పాకానికి పంచదార కొలవడం మొదలుపెట్టాడు.